తూటు

పదకొండేండ్లు మంగపేట రేవుల
మా అన్న ఓదెలు చుక్కాని పట్టిండు,
నేను డబ్బ పట్టిన.

ఇంజను నావ నడిమిట్ల ఉండేది.
తాడు చుట్టి గుంజితె
మూడోసారికి దగ్గి, నల్లగ ఊసి, లేచేది.
దాని షాఫ్టు అడుగు పలకలకెల్లి నీళ్లల్లకు పోయేకాడ
రూపాయి బిళ్లంత తూటు.
దాని చుట్టు గ్రీజు పూసిన తాడు.
ఎంత బిగించినా
బొట్టు బొట్టు గోదారి లోపలికొచ్చేది.
ఆ బొట్ల లెక్క నాది.
మిర్చి ఏరే కూలోళ్లను అవుతలొడ్డుకు దించి వచ్చేసరికి
నలభై డబ్బలు. వానకాలం అరవై.
ఎవల పాణం బాగలేకున్నా తూటుకు సెలవు లేదు.

పోయిన ఎండకాలం నీళ్లు మోకాలిబంటికి దిగినయి.
ఇసుకల తలిగి పంకా మూడుసార్లు ఇరిగింది.
మూడోసారి ఓదెలు తిట్టలే,
ఉత్తగ కూసున్నడు.
గప్పుడే అనుకున్న, ఇగ ఏదో ఒకటి చేస్తడని.

శివనగర్ కెల్లి యాకూబ్ మిస్త్రి వచ్చిండు,
తోక మోటరును దుప్పట్ల చుట్టి, బస్సుల.
కండక్టరు దానికి గూడ అర టికెట్ కొట్టిండంట.
వచ్చినోడు మోటరు ముట్టలే.
వెనక పలకను వేలితోటి కొట్టి చెవి పెట్టి ఇన్నడు.
"ఇది మూసనీకి పుట్టిన పలక,
తోపుడు మొయ్యనీకి కాదు.
ఇన్నేండ్లు బలమంత అడుగున పడ్డది,
ఇగ వీపు మీద పడ్తది" అన్నడు.
రెండేళ్ల మందం టేకు చెక్క అడ్డం పెట్టి,
మూలలకు బలుపు కొట్టి,
బోల్టులు బిగిస్తుంటె రెండు పొద్దులు గడిచినయి.

ఆరుగురు కలిసి వెదురుబొంగుకు తాళ్లేసి
పాత ఇంజను లేపిండ్రు.
దాని కింద నల్లటి నూనె బురద,
అండ్ల ఒక పచ్చ గాజుముక్క.
నాదే. ఎప్పటిదో.

తూటుల మద్దికట్టె బిరడ పెట్టి
గుడ్డపీలికలు, తారు కుక్కి
సుత్తె నా చేతికిచ్చిండు యాకూబ్.
"నీ పగ కదా అక్కా, నువ్వే కొట్టు."
నాలుగు దెబ్బలేసిన. అయిదోది
పగతోటి కాదు.

నీళ్లల్ల దింపితె నావ జానెడు లేచింది,
పాత నీటిగీత మీది పాచి ఎండకు పెళ్లలు రాలింది.
వెనక మోటరు తగిలిస్తెనేమో
మూతి మోరెత్తి మబ్బుల దిక్కు చూసింది.
పెట్రోలు డబ్బ ముందుకు జరిపిండ్రు, చాలలే.
ఇసుక సంచులు రెండు, చాలలే.
హ్యాండిలు వెనకనే, ఓదెలు జరుగరాదు.
ఇద్దరు నా దిక్కు చూసిండ్రు.

గట్ల నేను మూతికాడికి పోయిన,
బరువుకు.

ఇంజనునేమో ఒక రైతు కొన్నడు.
ఇప్పుడది బాయికాడ నీళ్లు తోడుతుంది.
నా పని దానికి పోయింది.

మొదటి తాపకే దిబ్బకు తలిగినం.
ఓదెలు మోటరును చటుక్కున పైకి ఎత్తిండు,
తడి కాలు మడిచిన కొంగ లెక్క నిలవడ్డది అది.
"ముందల నువ్వే ఉన్నవ్ కదనే,
ఇసుక ఉన్నదని చెప్పకపోతివేంది!"

ఏం చెప్పాలె అన్నా,
చేతిల ఇంక డబ్బ పట్టుకోనే ఉన్న.
పదకొండేండ్లు గోదారిని
నేను లోపలికొచ్చినంతనే చూసిన.