ఞకు పని దొరికిన శనివారం

రెండో తరగతి. పదకొండు మంది.
కిటికీలోంచి వశిష్ఠ కనబడదు గానీ
పంటు ఇంజను వినబడుతుంది.
భ్రమరాంబ మేడమ్ గారు సుద్దముక్క నా చేతిలో పెట్టి
"అరగంట నీదే, దీవెనమ్మా" అని
రిజిస్టరు పట్టుకుని వరండాలోకి వెళ్ళారు.

నాకు స్పానిష్ చదవడం రాదు.
చెవితో వచ్చింది, చంకనెత్తుకుని తిప్పితే వచ్చింది.
కువైట్‌లో పదో అంతస్తు, ఆరేళ్ళు,
ఒక పిల్లాడికి మాటలొస్తుంటే
పక్కనున్నదాన్ని, నాకూ వచ్చాయి.
వాడికెంతొచ్చో నాకూ అంతే.
అందుకే ఇరవై దాటి లెక్క రాదు:
దాగుడుమూతల్లో వాడు అంతవరకే లెక్కపెట్టేవాడు,
ఆపైన నేనెక్కడ దాక్కున్నా దొరికిపోవాల్సిందే.

మొదట బాతు చెప్పాను.
పాతో.
"మన బాతేనాండీ?" అన్నాడు ఏసుపాదం.
కోతలయ్యాక వాళ్ళ నాన్న చేలల్లో బాతుల్ని తిప్పుతాడు.
"అంత దూరం ఎలా ఎల్లిందండీ?"
"ఈదుకుంటా" అంది పల్లాలమ్మ, పలక మీంచి తల ఎత్తకుండానే.
ఎవరి బాతు ఎవరి నీళ్ళలోంచి బయల్దేరిందో
నాకేం తెలుసు. కాదనలేదు.

అలా అంటే రెక్క, అన్నాను.
"ఎలా అంటేనండీ?" అని ఒకటే నవ్వులు.
గుడ్డు ఉఏవో, అన్నాను.
"ఈవేళ ఉఏవో ఉండదండీ, శనివారం."

కుక్క దగ్గర చిక్కొచ్చింది.
పెరో, పెరో అంటున్నారు.
కాదర్రా, నాలిక ఆడాలి,
పంటు స్టార్టు చేసినట్టు.
గోడ మీద అక్షరాల చార్టు, చివరి వరసలో
బండి ఱ. ఎన్నాళ్ళుగానో ఎవరూ ఎక్కని బండి.
దాని మీద వేలు పెట్టి, పెఱ్ఱో, అన్నాను.
పదకొండు ఇంజన్లు ఒక్కసారే.
వరండాలో పడుకున్న కుక్క లేచి
వేరే నీడ చూసుకుంది.

అప్పుడడిగింది నిస్సీ:
"మరి దీనికి పనేంటండీ?"
చక్రం, ఛత్రం, జడ, ఝషం, వాటి పక్కన
బొమ్మ లేని గడి. ఞ.
ఇదే బడిలో, ఇదే గోడ ముందు
నేనూ దాన్ని ఇని అని గబుక్కున దాటేసినదాన్నే,
రేవులో పాకుడు పట్టిన మెట్టు దాటినట్టు.

సుద్ద అరిగిపోయేలా రాశాను.
నీఞో. పిల్లాడు.
నీఞా. పిల్ల.
మాఞానా. రేపు.
ఈఞిగో.

"అంటేనండీ?"
ఒక పేరు, అన్నాను.

ఆరేళ్ళు పిలిచాను గానీ రాయలేదెప్పుడూ.
ఫోన్లో "బాబు" అనే ఉంది.
ఆ నంబరు ఇప్పుడు పలకదు.
పళ్ళూడి, కొత్తవి కూడా వచ్చేసుంటాయి వాడికి.
వాడి పేరు మధ్యలో
ముక్కులోంచి జారే ఆ చిన్న మెలిక
మా లంకలో, నల్లబల్ల మీద
కరెక్టుగా పడింది.
కాసేపు తుడవలేదు.

ఇంకా మాటలొచ్చు నాకు.
ఉతుకు. తుడు. ఇస్త్రీ చెయ్యి. తొందరగా. మళ్ళీ తుడు.
అవి వాడు నేర్పినవి కావు.
చెప్పులతో పాటే గడప బయట వదిలొచ్చాను.

గంట కొట్టారు.
వెళ్ళేటప్పుడు ఆస్తా మాఞానా అనాలి, అన్నాను,
రేపు కలుద్దామని.
"రేపు ఆదివారమండీ" అన్నాడు ఏసుపాదం.
నిజమే. ఎల్లుండికి ఏమంటారో నాకు తెలీదు.
వాడెప్పుడూ ఎల్లుండి గురించి అడగలేదు.

పర్లేదు, రేపనే అనండి, అన్నాను.

కాలువ గట్టు మలుపు తిరిగేదాకా
వినబడుతూనే ఉన్నారు.
మాటలో మిగతా అక్షరాలు గాలికి పోయాయి.
ఞ ఒక్కటే,
ముక్కుపట్టి సాగదీస్తూ,
పదకొండు మంది.