బొటనవేలు

పెరంబూరు టీ కొట్టు ముందు కుర్రాళ్ళు లెక్క తేలుస్తున్నారు.
అరవై ఎనిమిదిలో ఆరోగ్యమేరి, వంద మీటర్లు: పన్నెండు పాయింట్ ఒకటి.
మొన్న యాళిని: పన్నెండు పాయింట్ సున్నా ఆరు.
"చేత్తో తీసిన టైముకి పావు సెకను కలపాలి తాతా,
అప్పుడు మన పిల్ల దరిదాపుల్లోకి కూడా రాదు ఆవిడ"
ఫోన్లో సూత్రం చూపిస్తాడొకడు.
కలుపుకోండి నాయనా.
ఆ చెయ్యి నాదే.

రైల్వే మైదానం. ఇంజన్లు కక్కిన బొగ్గు బూడిద
లారీలతో తెచ్చి పరిచిన ట్రాకు.
రాత్రంతా వాన, తెల్లారి గోనెసంచులతో నీళ్ళద్దాం.
అరువు బూట్లు అరంగుళం కురచయ్యాయని
ఆ పిల్ల వట్టి కాళ్ళతో గీత దగ్గర వంగింది.

తుపాకీ పొగ చూసి నొక్కాలి.
చప్పుడు వంద మీటర్లు నడిచి రావాలి కదా,
అంతలో ఆలస్యమైపోతుంది.
ఎంత బాగా నేర్పారో నాకు!
ఆ రోజు సముద్రపు గాలి
పొగను పుట్టగానే మింగేసింది.
చప్పుడుకే నొక్కాను.
ఈ మాట ఇన్నేళ్ళూ నా జేబులోనే ఉంది.

ఇంకోటీ ఉంది.
ఆమె దారం తెంపుకుని దూసుకుపోతే
నోరు తెరుచుకుని నిలబడ్డాను,
నాకో బొటనవేలు ఉందన్న సంగతే మరిచి.
ఎంతసేపో తెలీదు.
మొదట్లో దొంగిలించింది
చివర్లో తిరిగిచ్చేశానో లేదో
ఏ సూత్రంలో వెతకను?

ఇవాళ యాళిని ఆవిణ్ణి కొత్త ట్రాకు చూడమని పిలిచింది.
చెప్పులు విడిచి, మడమతో నొక్కి,
"పరుపులా ఉందే, నిద్ర రాదుటే మీకు?" అంది ముసలామె.
చీర కొంచెం ఎత్తి మోకాలు చూపించింది.
చర్మం కింద మిరియం గింజంత నలుపు,
పడ్డప్పుడు దిగిన బొగ్గు.
"ఏ ఇంజనుదో, ఇంకా నాతోనే తిరుగుతోంది."
పిల్ల వేలితో తడిమి చూసి
తన మడమ మీది కుట్లు చూపించింది.
తర్వాత ఇద్దరూ మెదువడల గురించి మాట్లాడుకున్నారు.
యాళినికి అన్నం గ్రాముల్లో తూచి పెడతారట.
ఆవిడ చాలాసేపు నవ్వింది.

గేటు బయట 29సి కదిలిపోతోంది.
కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని
డెబ్భై నాలుగేళ్ళ ఆరోగ్యమేరి పరుగందుకుంది.
నా జేబులో చిల్లర తప్ప ఏమీ లేదు.
అయినా బొటనవేలు నొక్కుకుంది,
ఈసారి పొగ చూసే.