నెత్తళ్ల వత్తు

వాల్తేరు మెట్ట మీద మా గదికి కిటికీ ఒక్కటే.
తెరవొద్దని దాని మీద నేనే రాసి అతికించాను.
ఉప్పుగాలి తగిలితే కాగితం ఉబ్బుతుంది,
ఉబ్బిన కాగితానికి తల రాసుకుంటుంది.
ప్లాటర్ తల. నాది కాదు.

ఫిబ్రవరి వస్తే సెమినార్ల జాతర.
పెన్‌డ్రైవులు మెడలో తాయెత్తుల్లా వేసుకుని
నిద్రలేని పిల్లలు వరస కడతారు.
"అన్నా, తొమ్మిదికల్లా జడ్జీలొచ్చేస్తారు."
అందరికీ నాది ఒకటే పాఠం:
తెర మీద మెరిసే ఆ నీలం ఇక్కడ రాదు,
తెర వెలుగుతో గీస్తుంది, నేను సిరాతో.
సముద్రం కావాలంటే కాస్త మసకదే దొరుకుతుంది.
ఆరడుగుల దూరం నుంచి చదవాలి కదా, మాటలు తగ్గించు.
గైడు పేరు మాత్రం తగ్గించకు.

నిన్న చీకటి పడ్డాక చివరగా గొర్లె యశస్విని.
చిన్న చేపల రాబడి ఏటేటా ఎంత తరిగిందో
ముప్పై ఆరంగుళాల రోల్‌కి సరిపడా.
"జాలరిపేటలో కూడా పెడతానన్నా, అందుకే తెలుగు."

తన లాప్‌టాప్‌లో ఒద్దికగా కూర్చున్న అక్షరాలు
నా సిస్టంలోకి రాగానే చెదిరిపోయాయి.
వత్తులు కిందికి దిగమని మొరాయించాయి.
నెత్తళ్లు ఉండాల్సిన చోట
నెత్‌తళ్‌లు.
వల చిరిగి తలో దిక్కునా పడ్డట్టు.
తప్పు నీది కాదమ్మా, ఫాంటు లేదు, అన్నాను.
తన మొహం చూసి, ఉండు, అన్నాను.

మూడో బొమ్మ దగ్గర చెయ్యి ఆగింది.
ఇసుకలో పరదా, పరదా నిండా ఆరబోసిన నెత్తళ్లు,
వంగి తిరగేస్తున్న ఒకావిడ వీపు.
వాట్సాప్‌లో చేతులు మారి అరిగిన ఫోటో.
అరచేతిలో అయితే బాగానే ఉంటుంది,
రెండడుగులకి సాగదీస్తే
మనిషి లేదు, బూడిదరంగు గళ్లు, మధ్యలో ఓ ఎర్ర గడి.
వెనక్కి జరిగాను. గోడ తగిలేదాకా జరిగాను.
ఎర్ర గడి కొంగు ముడి అయింది.
ఎడం పక్కన ముడేసేది పేట మొత్తంలో ఒక్కతే,
తట్ట మోసి మోసి కుడి భుజం జారింది కనక.

కింద రాసుంది:
'ఎండు చేపల తయారీలో ఒక మహిళ.'

మెట్ట దిగితే పది నిమిషాలు మా పెద్దమ్మ ఇల్లు.
మధ్యాహ్నం నా క్యారేజీలో వేపుడు ఆవిడదే.

"ఒరిజినల్ ఫోటో ఉందా?" అన్నాను.
వెతికి పంపింది. అందులో మడమల పగుళ్లదాకా ఉన్నాయి.
"పేరు?"
"అడగలేదన్నా."
తల వంచుకుంది. నేనూ ఎక్కువ మాట్లాడలేదు.
'ఒక మహిళ' చెరిపి
గరికిన నూకరత్నం అని కొట్టాను.
చోటు సరిపోయింది.
పేరులో వత్తు ఒక్కటే, త కింద న.
అది చెదరకుండా చూసుకున్నాను.
తర్వాత నెత్తళ్ల దగ్గరికొచ్చి
త కింద త, ళ కింద ల,
ఒక్కోదాన్నీ పట్టుకొచ్చి దాని గూటికి చేర్చాను.
అక్షరాలన్నిటినీ గీతలుగా మార్చి బిగించేశాను.
ఇక ఏ మిషనూ వాటిని విడగొట్టలేదు.

మగ్గంలో నాడెలా తల అటూ ఇటూ.
నలభై నిమిషాలు.
ముందు ఇసుక దిగింది, తర్వాత పరదా,
తర్వాత వంగిన వీపు, అంగుళం అంగుళం.
యశస్విని కుర్చీలోనే నిద్రపోయింది.
సిరా ఆరేదాకా లేపలేదు.

టెస్టు ముక్క ఒకటి మిగిలితే
చొక్కా జేబులో మడతపెట్టకుండా పట్టుకెళ్లాను.
"ఏట్రా చేతులు అంత నీలంగున్నాయి?" అంటూనే
పెద్దమ్మ లైటు కిందికి జరిగి చూసింది.
తన వీపు తనకెలా తెలుస్తుంది?
పేరు చదివి వినిపించాను. ఊఁ అంది.
చాలాసేపు చూసి
కుడి మూలన వేలు పెట్టింది:
"ఇక్కడియ్యి తిరగెయ్యనేదు సూడు."