నీడ కొలిచే పని

మేం ఇద్దరం. నేనూ, నుస్రత్.
విద్యానగర్‌లో జిరాక్స్ షాపు పైన ఒక గది,
ఒక కుంటి బల్ల,
గోడకి పోయినేడాది క్యాలెండరు,
వెనకవైపు తెల్లగా ఉంటుందని పారేయలేదు.
అద్దె మేమే కట్టుకుంటాం.
ఎవరి డబ్బూ తీసుకోని లెక్కకి
ఎవరి భయమూ ఉండదనుకున్నాం.
అద్దె భయం ఒకటుంటుందని తర్వాత తెలిసింది.

ఎండని కొలుస్తారటగా, అంటారు.
హైదరాబాద్‌లో ఎండకేం కరువు!
మేం కొలిచేది నీడని.

యాకుత్‌పురాలో, తలాబ్‌కట్టలో
ఇనుప నిచ్చెనలెక్కి
నీళ్ల ట్యాంకు నీడ ఎన్ని అడుగులు,
పక్కింటివాళ్లు కొత్తగా లేపిన మూడో అంతస్తు
డిసెంబర్లో ఎక్కడిదాకా వచ్చి పడుతుంది,
ఆరేసిన దుప్పట్ల నీడ లెక్కలోకొస్తుందా రాదా
(అరగంట పోట్లాడుకున్నాం. వస్తుంది. శుక్రవారాలు.)
గంటగంటకీ సుద్దముక్కతో ఒక గీత.

హాషిం భాయ్ డాబా మీద పావురాల గూడు,
సరిగ్గా సోలార్ పలకలు పెట్టాల్సిన చోటే.
కాస్త జరిపితే నెలకి వెయ్యి మిగులుతుందని
నుస్రత్ ఉర్దూలో నచ్చజెప్పింది.
ఆయన జొన్నలు చల్లుతూనే ఉన్నాడు.
"గూడు జరపొచ్చు బేటా.
సాయంత్రం తిరిగొచ్చే వాటికి ఎవరు చెప్తారు?"
పట్టికలో ఒక గడి ఖాళీగా వదిలి దిగాం.

మార్చిలో కరెంటు రేట్ల మీద బహిరంగ విచారణ.
వాళ్ల కాగితాలు నాలుగు వందల పేజీలు.
మావి ముప్పై ఒకటి, స్పైరల్ బైండింగుతో.
పేరు పిలిచారు. మూడు నిమిషాలు.
వాడని కరెంటుకి పాతికేళ్లు కట్టే డబ్బు ఎవరిదన్నాను.
మిట్టమధ్యాహ్నం ఊళ్లో డాబాలన్నీ ఊరికే మాడుతుంటే
అంత దూరాన బొగ్గెందుకు కాల్చాలన్నాను.
మైకు కీచుమంది. ఒకాయన వాచీ చూసుకున్నాడు.
నుస్రత్ ఒక్కతే చప్పట్లు మొదలుపెట్టి ఆపేసింది.
"నోట్ చేసుకున్నాం" అన్నారు.
ఆ మాటని మేం ఆరేళ్లుగా నోట్ చేసుకుంటున్నాం.

తర్వాతి పేరు రాజలింగు. గోదావరిఖని.
ముప్పై మూడేళ్లు భూమి లోపల పనిచేసిన మనిషి.
చేతిలో కాగితం లేదు.
వేదిక వైపు కాదు, నా వైపు తిరిగాడు.

"బిడ్డా, నువ్వు చెప్పింది తప్పని అంటలేను.
బొగ్గు సంగతి నాకెర్కే, ఛాతిల ఇంకా ఉన్నది.
గనిల తలకాయ మీద దీపముంటది.
దీపం పెట్టుకున్నోనికి ఎదుటోని నీడ కనవడ్తది,
తన నీడ కనవడది.
రేపు గని మూస్తే నా మన్మడు ఏడ నిలవడాలె?
నీ కాయితంల ఉన్నదా?"

ఉంది.
ఇరవై ఆరో పేజీలో, అడుగున, చిన్న అక్షరాల్లో:
"ఉపాధిపై ప్రభావాన్ని విడిగా అధ్యయనం చేయవలసి ఉంది."
రాత్రి రెండింటికి నేనే రాశాను.
అప్పుడది మంచి వాక్యంలాగే ఉంది.

లక్డీకాపూల్ వంతెన దగ్గర ముగ్గురం చాయ్ తాగాం.
ఆయన సాసర్లో పోసుకుని, ఊది, మెల్లగా.
డబ్బులు మమ్మల్ని ఇవ్వనివ్వలేదు.
మీ ఊరెప్పుడు రమ్మంటారు, అని నుస్రత్ అడిగితే
"ఎండలు పోయినంక రాండ్రి, తట్టుకోలేరు" అన్నాడు.
మా ఇద్దరికీ నవ్వొచ్చింది. ఎందుకో ఆయనకి చెప్పలేదు.

జూబ్లీ బస్టాండులో ఎక్కించి
గదికొచ్చేసరికి కరెంటు లేదు.
ఫోను వెలుగులో పాత క్యాలెండరు తిప్పి
పట్టికకి మరో నిలువు గీత గీసింది నుస్రత్.
పైన పేరు రాయలేదు.
హాషిం భాయ్ ఖాళీ గడి పక్కన
ఇంకో ఖాళీ.

ఫోను ఆమె చేతిలోనే ఉంది.
గోడ మీద నా నీడ పెద్దదిగా కదిలింది.
ఆమె నీడ ఎక్కడా లేదు.
అటు ఇవ్వు, అని ఫోను అందుకున్నాను.