రెండో చెంచా

టిమారులో జూన్ అంటే
సముద్రం మీంచి వచ్చే గాలికి
మా దుకాణం గంట దానంతటదే మోగుతుంది.
మనుషులు రారు. ఫోన్లొస్తాయి.

"బుడగలు రావడం లేదు."
పేరు చెప్పక్కర్లేదు, ఆల్బీ హాకెట్.
నలభై ఏళ్ళు ఉన్ని గోదాములో బేళ్ళు తూచిన మనిషి,
పొద్దుటి నుంచీ ప్లాస్టిక్ డ్రమ్ము ముందు కుర్చీ వేసుకుని
ఎయిర్‌లాక్ వంకే చూస్తున్నాడట.
మూత బిగించావా అన్నాను.
కాసేపు ఏమీ లేదు. ఏదో టిక్కుమంది.
"వస్తున్నాయి" అన్నాడు, నేను మంత్రమేసినట్టు.

కిందటిసారి కుళాయి కట్టకుండా పోశాడు,
ఐదు లీటర్ల మాల్టు బట్టలుతికే గదిలో
నిజంగానే చాప కింద నీరైపోయింది.
అంతకు ముందు ఈస్టు పొట్లం కనబడలేదు.
డబ్బా మూత కిందే ఉంటుందయ్యా అంటే
మూత చెత్తబండి ఎక్కేసిందన్నాడు.

నేను నవ్వను.
నా మొదటి బీరు తడిసిన కుక్కలా వాసనేసింది,
మా అన్న కళ్ళు మూసుకుని రెండు గ్లాసులు తాగాడు.

బుధవారం గ్వెండా, గొంతు తగ్గించి:
"సీసాలు నింపేశాడు, చక్కెర మరిచాడు.
చెబితే చిన్నబుచ్చుకుంటాడు.
మూతలు కొనడానికి నీ దగ్గరికొచ్చాడు చూడు,
ఆ సందులో నేనే తలా ఒక చెంచా వేశా.
ఆయనతో అనకు."
అననన్నాను.

శుక్రవారం ఆల్బీ, అదీ గొంతు తగ్గించే:
"చక్కెర గ్వెండా పని. ఈసారి మరిచింది, పాపం.
మూతలు కొట్టే ముందు నేనే వేసేశా, చెంచా నిండుగా.
ఆవిడతో అనకు."

ఫోన్ పెట్టేసి వేళ్ళు మడిచాను.
ముప్పై సీసాలు,
వేడినీళ్ళ ట్యాంకు అల్మరాలో, తువ్వాళ్ళ పక్కన.
వెంటనే ఫోన్ చేశాను. మోగింది, మోగింది.
శుక్రవారం సాయంత్రాలు వాళ్ళు బౌల్స్ ఆటకి పోతారు,
ఇద్దరూ ఒకే జట్టు.

తెల్లారుజామున నాలుగింటికి మొదటిది పేలిందట.
ఎవరో తుపాకీ కాల్చారని ఆల్బీ మంచం కిందికి దూరాడు,
భూకంపమని గ్వెండా గుమ్మంలో నిలబడింది.
ఆ తర్వాత ఒక్కొక్కటీ, తీరిగ్గా,
మూకుట్లో పేలాల్లా.

తొమ్మిదింటికి ఇద్దరూ నా బల్ల ముందు.
ఆమె జుట్టంతా మాల్టు వాసన,
అతని కనుబొమ్మ మీద చిన్న ప్లాస్టరు.
"ఏమై ఉంటుంది?" అన్నాడు, కిటికీ వైపు చూస్తూ.
"అదే, ఏమై ఉంటుంది?" అంది, నా మొహం చదువుతూ.

ఈస్టు మంచి ఆకలి మీదున్నట్టుంది, అన్నాను.
మిగిలిన పదకొండూ ముట్టుకునే ముందు
మందపాటి కోటు, తోలు తొడుగులు, కళ్ళద్దాలు;
చలిలో పెట్టి, మూత కాస్త వదులు చేసి, మెల్లగా.
ఇక చెంచాలొద్దు. ఇవిగో చక్కెర బిళ్ళలు,
సీసాకి ఒకటే.
ఎవరు వేస్తారు?

ఇద్దరూ ఒకేసారి చెయ్యి చాచారు.
వెనక ఫోన్ మోగుతోంది.