సూది ఎక్కడుంది

బరంపురం, గేట్ బజార్ వెనక సందు.
మా స్కానింగ్ గది తలుపు మీద మూడు లిపుల్లో ఒకటే మాట:
ఇనుము తేవద్దు.
గరికిన కొర్లమ్మకు ఏ లిపీ రాదు.
గోపాలపూర్ రేవు నుంచి మొదటి బస్సుకొచ్చింది.
గంప లేకుండా బస్సెక్కడం
ఇదే మొదటిసారని కండక్టరుతో అందట.

ముక్కుపుడక తీసింది. మొలతాడు, తాయెత్తు తీసింది.
మట్టెలు రాలేదు; వెండివే, ఉండనిచ్చాను.
"ఒంట్లో ఎక్కడైనా ఇనుప ముక్క?" కాగితం చూసి అడిగాను.
"గాలం ముల్లు ఓపాలి అరసేతిలో ఇరిగింది,
మా ఆయన పళ్ళతో పీకీసినాడు."
పీకాడో లేదో ఎక్స్‌రే తీసి చూశాం.
పీకాడు.

బోర్లా పడుకోబెట్టాం.
మందు ఎక్కించాక ఎడమ రొమ్ములో వెలిగింది
కందిగింజంత తెలుపు.
డాక్టర్ సుబుద్ధి "హల నాహీఁ" అన్నారు.
"మెదలకమ్మా" అని నేను తెలుగు చేశాను.
నలభయ్యేళ్ళు ఈ బజార్లో ఒడియాలో బేరమాడిన మనిషి
దిండులోంచే నవ్వింది:
"తెల్సిందిలే అమ్మీ, ఆ మాటకి నువ్వెందుకు?"

సూది దిగింది. టైటానియం, అగ్గిపుల్లంత.
తెర మీద మాత్రం
బొగ్గుతో గీసిన గీత, వేలు లావున.
అయస్కాంతం పోయే దారికి అడ్డంగా దూరితే
ఏ లోహాన్నైనా ఇలాగే ఉబ్బించి చూపిస్తుంది ఈ యంత్రం.
దారి వెంటే వెళితే సన్నగా, దాదాపు మర్యాదగా.
కానీ రొమ్ముకి పక్క నుంచే దారి.

కందిగింజ నలుపులో మునిగిపోయింది.
మొన ఎక్కడ?
గింజలోనా, దాటిపోయిందా, అంచుకి ఇవతలే ఆగిందా?
డాక్టర్ ఒక కొలత చెప్పారు, నేనొకటి.
దిశ మార్చాను. నీడ పక్కకి ఒరిగింది, తగ్గలేదు.
రేకుల మీద వడగళ్ళలా టకటకటక
మళ్ళీ అదే నలుపు.

మా మేనత్తది ఇచ్ఛాపురం దాటాక పొలిమేర ఊరు.
బళ్ళో పటం మీద సరిహద్దు గీత
ఆవిడ ఇల్లూ బావీ గొడ్ల సావిడీ
అన్నీ కప్పేసేంత లావు.
నేల మీద వెతికితే ఒక సున్నం రాయి.
అది ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో.

బల్ల బయటకు లాగినప్పుడు అడిగింది:
"ఏటి ఎతుకుతన్నారు ఇంతసేపూ?"
సూది మొన అన్నాను.
ఉన్నచోట కనపడదు, కనపడినచోట ఉండదు అన్నాను.

"ఓస్, అదా.
మా అయ్య ఏట్లో ఈటె ఏసీవోడు.
నీల్లల్లో సేప పైకున్నట్టు అవుపడతాది.
సేపని సూసి పొడిస్తే నీల్లే తగుల్తాయి.
దాని కింద కాళీ జాగా ఉంటాది సూడు, అక్కడ పొడవాల.
ఎంత కిందకో
ఏడేళ్ళు తప్పాక తెలుస్తాది."

"కొణ కహుఛంతి?" అన్నారు డాక్టర్.
ఈసారి నేను ఒడియాలోకి మోసుకెళ్ళింది
దారిలో సగం ఒలికిపోయే ఉంటుంది.
ఆయన కాసేపు తెరకేసి చూడలేదు.
తర్వాత స్కాన్ వరస మార్పించి,
నలుపుని వదిలేసి దాని రెండు అంచులూ కొలిచి,
సూదిని మూడు మిల్లీమీటర్లు వెనక్కి లాగారు.

ఆరు ముక్కలు. సీసాలో బియ్యపు నూకల్లా.
సరిగ్గా తగిలిందో లేదో పది రోజులకి తెలుస్తుంది.

ముక్కుపుడక పెట్టుకుంటూ బొమ్మ చూపించమంది.
"ఈ నల్లదంతా రోగవేనా?"
"కాదమ్మా. అది మేం పెట్టిన సూది."
"మరి రోగవేదీ?"
నలుపు అంచున వేలు పెట్టి చూపించాను.
నా వేలు కూడా దాన్ని కప్పేసింది.