ఒక జత ఖాకీ

గిరింపేట మూలమీద నా ఇస్త్రీ బండి.
బండి కింద రేకుపెట్టెలో
ఒక జత ఖాకీ అట్లే ఉండాది,
పదకొండు నెలలుగా.

మొగం చూసి మనిషిని కనుక్కోలేను నేను.
జేబు చూస్తే చెప్తా.
హెడ్డు ఏకాంబరం చొక్కా ఎప్పుడొచ్చినా
ముందు జేబులు దులపాల:
సుద్దముక్కల పొడి,
బడి మానేసిన పిల్లోళ్ల పేర్లు రాసిన బస్సు టికెట్టు,
ఒకతూరి ఎవురిదో వెండి మెట్టె.
"సంతపేట ముసిలామెది మే, కాలవలో దొరికింది,
సాయంత్రం దాకా బద్రం" అన్నాడు.
దుడ్లు మటుకు ఒక్కనాడూ దొరకలేదు.
దొరికుంటే తీసుకుందునేమో,
ఆ సంగతి ఆయనకీ తెలుసు.

సుద్ద ఎందుకంటే,
నీవా గట్టు గుడిసెల్లో ప్రతి తలుపు మీదా
తన ఫోన్ నంబరు రాసేటోడు.
వానొస్తే చెరిగిపోయేది. మళ్లీ రాసేటోడు.
"పెయింటు వేసెయ్యరాదా సార్, పీడా పోతాది" అంటే
"పెయింటు వేస్తే మళ్లీ రావాల్సిన పనేముంది మే?"
అని టీ గలాసు నా బండి మీదే పెట్టి పోయినాడు.
ఆ గలాసు మరక ఇంకా ఉండాది.

నా కొడుకు గోవర్ధన ఎవురిదో బండిలో పెట్రోలు తీసి దొరికినప్పుడు
స్టేషన్‌కి పిలవలేదు, నా బండి కాడికే తెచ్చినాడు.
"వారం దినాలు మీ అమ్మకి బొగ్గులు మోసి చూడరా,
చేతులకి ఏ వాసన మేలో నువ్వే చెప్పు."
వాడు ఇప్పటికీ చెప్పలేదు.
బొగ్గులు మాత్రం మోస్తా ఉండాడు.

ఏడాదిలో పదినెలలు ఇసక, రెండునెలలు చెత్త
అని మేం ఎగతాళి చేసే నీవా
ఆ రాత్రి లేచి కూర్చుంది.
మైకులో అరిస్తే జనం లేస్తారా, ఆ వానలో?
లాఠీతో తలుపు తలుపూ కొట్టి
పేరు పేరునా లేపినాడంట.
అందురూ గట్టెక్కినాక తల లెక్కపెట్టి
"దస్తగిరమ్మ ఏదిరా?" అన్నాడంట.
ఆమెకి చెవుడు.
ఎంత పిలిచినా పలకదని
ఆ పొద్దు గుర్తొచ్చింది ఆయనొక్కడికే.

ఆమెని మిద్దె గోడ మీదికి ఎక్కించినాడు.
గోడ నిలబడింది.
గోడ కింద మనిషి నిలబడలేదు.

మూడోనాడు గాల్లోకి తుపాకులు పేల్చినారు.
చెట్లమీది కాకులన్నీ లేచినాయి.
దస్తగిరమ్మ మాత్రం కదలకుండా నిలబడి,
కాకులెందుకు ఎగిరినాయని నన్ను సైగ చేసి అడిగింది.
ఏమని చెప్పేది సైగల్తో?
ఆమె చెయ్యి పట్టుకున్నా, అంతే.

వాళ్లింటామె కుముదవల్లి ఒకతూరి వచ్చింది.
జత తీసి చేతికిచ్చినా.
మెడపట్టీ కాడ బొటనవేలు పెట్టి రుద్దింది,
"నీ కాడే ఉండనీ అక్కా,
ఇంటికి తెచ్చుకుంటే ఉతకాలనిపిస్తాది" అని పోయింది.

అందుకని నెలకొకసారి తీస్తా.
మడతకాడ గీత పడితే
ఆయనకి నచ్చేది కాదు.
నీళ్లు చిలకరించి, బొగ్గులు ఊది, మెల్లగా తోస్తా.

ఈ జత జేబులు మటుకు
నేను దులపలేదు.
ఎడమ జేబు మీదికి వచ్చేసరికి
కింద ఏదో చిన్నది, గట్టిది.
ఇస్త్రీపెట్టె అక్కడ
ఒకతూరి తడబడి
పక్కకి పోతాది.